చివరి పుట మొదట కనబడే కథ

మొన్న ఖమ్మంలో కలం పాళీ కోసం ఒక దుకాణానికి వెళ్లాను. నాకంటే ముందు నిలబడిన ఒకామె కొన్న సీసా చేతి నుండి జారి బండ మీద పడి పగిలింది. అది మనం ఉత్తరాలు రాసుకునే సిరా కాదు, బొమ్మలు గీసేవారు వాడే చిక్కని నల్లసిరా. లక్కనూ కర్పూరాన్నీ కలిపి కాచినట్టుండే ఆ ఘాటైన వాసన తగలగానే నేను వచ్చిన పని మరిచి, గోడకు చేయి ఆన్చి నిలబడిపోయాను. దుకాణదారు నాకు కళ్లు తిరిగాయనుకుని కుర్చీ వేశాడు. కాదని చెప్పే ఓపిక లేక కూర్చున్నాను. భద్రాచలంలోని మా పాఠశాలలో, ఉపాధ్యాయుల గది కిటికీ పక్క బల్ల దగ్గర, చీర చెంగు నడుముకు దోపుకుని కాగితం మీదికి వంగిన సలోమి టీచరు నా కళ్లకు కట్టింది. ఆమె చేతులకు ఎప్పుడూ ఈ వాసనే అంటి ఉండేది. ఆమెను ఎరగనివారికి ఆమె ఎవరో చెప్పాలన్న కోరిక చాలాకాలంగా ఉన్నది. చెప్పబోయినప్పుడల్లా ఎక్కడ మొదలుపెట్టాలో తోచేది కాదు. ఇప్పుడూ తోచడం లేదు కనుక తోచినచోటనే మొదలుపెడుతున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన తర్వాతి కొన్నేళ్లు నేను ఆ పాఠశాలలో తెలుగు పండితుణ్ణి. నేలకొండపల్లి నుండి బదిలీ మీద వెళ్లాను. ప్రాచ్య కళాశాలలో ప్రబంధాలూ అలంకారశాస్త్రమూ గురుముఖతః చదువుకున్నవాణ్ణి కావడం చేత, వాక్కు రాజనీ తక్కిన కళలన్నీ దాని పరివారమనీ నాకొక నిశ్చయం ఉండేది. సలోమి మా డ్రాయింగ్ టీచరు. నాకంటే చాలా చిన్నది, చామనచాయ మనిషి, నవ్వితే ముందు కళ్లు నవ్వేవి. వాళ్లది ప్రొటెస్టెంటు క్రైస్తవుల ఇల్లు. తల్లి మార్తమ్మ ఒక వసతిగృహంలో వంటమనిషిగా పనిచేసి మానుకున్నది. మధ్యాహ్నం అందరూ అన్నాలు తిని కునుకు తీసే వేళ సలోమి గడులు గీసి, ఆ గడులలో బొమ్మలు వేసేది. అది పిల్లల పత్రికకు పంపడానికేమో అనుకున్నాను. పత్రికకు కాదన్నది. పుస్తకానికా అంటే అదీ కాదన్నది. కంప్యూటరులో పెడతానని, ఎవరికి కావలిస్తే వారు చూస్తారని చెప్పింది. అచ్చువేసేవాడు లేడు, కొనేవాడు లేడు, చదివేవాడెవడో తెలియదు, అయినా గురువారం గురువారం ఒక పుట తప్పక పెడుతుందట. నాకు అర్థం కాలేదు. అర్థం కాలేదని ఒప్పుకోవడం అప్పటికింకా అలవాటు కాలేదు కనుక గంభీరంగా తల ఊపాను.

ఒకనాడు ఆమె ఒక పుట తెచ్చి నా ముందు పెట్టి, మనుషుల నోళ్ల పక్కన గీసిన బుడగలలోకి మాటలు రాసిపెట్టమని అడిగింది. తనకు బొమ్మ వచ్చును గాని మాట రాదని ఆమె అభిప్రాయం. కంప్యూటరులో తెలుగు అక్షరాలు కొట్టితే చాలాచోట్ల చదరపు డబ్బాలుగా కనబడే రోజులవి. అందుచేత ఆమె మాటలను కూడా చేత్తోనే బొమ్మలో భాగంగా రాసేది. ఆ పుటలో ఒక లాంచీ సరంగు చుక్కాని పట్టుకుని తన చిన్న కూతురికి గోదావరిని చూపిస్తున్నాడు. నేను ఉత్సాహంగా ఇంటికి తీసుకుపోయి, తరంగాల ఘోషకు తగినట్టు దీర్ఘసమాసం ఒకటి కూర్చి తెచ్చాను. ఆమె శ్రద్ధగా చదివింది. తర్వాత ఆ కాగితాన్ని బుడగ పక్కన పెట్టి కొలిచింది.

“పంతులుగారూ, గింత మాట గా బుడగల పట్టదు. పట్టియ్యాలంటే లాంచీ తీసెయ్యాలె.”

“లాంచీని కొంచెం చిన్నది చేయరాదా అమ్మా?”

“చేస్త. కని మా నాయిన గట్ల మాట్లాడెటోడు కాదు. నీళ్లు చూసి ‘దా’ అనెటోడు, గంతే.”

ఆ సరంగు ఆమె తండ్రి అని నాకు అప్పుడే తెలిసింది. అయితే ‘దా’ అని రాస్తే సరిపోదా, దానికి పండితుడెందుకని కాస్త నొచ్చుకునే అడిగాను. కథంతా చూస్తే ఎందుకో తెలుస్తుందని, సాయంత్రం ఇంటర్నెట్ సెంటరుకు వెళ్లి మొదటి నుంచి చదవమని చెప్పి, తాను చర్చిలో పాటల సాధనకు వెళ్లిపోయింది.

ఆ సెంటరు వెంకట్రావుది. కోస్తా నుండి వచ్చి సత్తుపల్లి దగ్గర భూములు కొన్న రైతు కుటుంబం వారిది. వ్యవసాయం అన్నదమ్ములకు వదిలి ఇతడు భద్రాచలంలో కంప్యూటర్లు పెట్టుకున్నాడు. నన్ను ఒక తెర ముందు కూర్చోబెట్టి, సలోమి బ్లాగు తెరిచి, బాణం గుర్తు నొక్కితే పేజీ కిందికి జరుగుతుందని చూపించి తన పనికి పోయాడు. నేను పై నుండి కిందికి చదువుకుంటూ వచ్చాను. మొదట అదే సరంగు, ఇంకా పసిపిల్లగా ఉన్న కూతురు, చుక్కాని. కిందికి జరిపితే అతని పెళ్లి, చర్చి మెట్ల మీద కొత్త జంట. ఇంకా జరిపితే అతడు లాంచీ ఇంజను తుడిచే పనివాడు. ఆ కింద వెదురు తెప్పల మీద ఎగిరే పిల్లవాడు. అట్టడుగున ఇప్పచెట్టు కొమ్మకు కట్టిన గుడ్డ ఉయ్యాలలో పసికందు. నాకు ఒళ్లు గగుర్పొడిచింది. ఒక మనిషిని ప్రవాహానికి ఎదురుగా మూలం దాకా తీసుకుపోయి తొట్టెలో పడుకోబెట్టిన ఇట్టి కథాసంవిధానం ఏ ప్రబంధంలోనూ చూడలేదనుకున్నాను. మరునాడు ఉపాధ్యాయుల గదిలో అందరి ముందూ ఆ మాటే ప్రకటించాను. సలోమి కాసేపు తెల్లబోయి, తర్వాత చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నది.

“మా నాయినను పసిపిల్లగాన్ని జేసి ఉయ్యాలల పండవెట్టిండ్రా పంతులుగారూ!”

సాయంత్రం వెంకట్రావు ఓపికగా విడమరిచాడు. “బ్లాగంటే అంతేనండీ మాష్టారూ. కొత్తది పైన పడుద్ది, పాతది కిందకెళ్లిద్ది. మీరు కొస నుంచి మొదటికి చదివేశారు.” తాళపత్రమైనా అచ్చుపుస్తకమైనా మొదటి పుట మొదట ఉంటుందన్నది నేను ఎన్నడూ ప్రశ్నించని విషయం. చివర రాసినదే వచ్చినవారికందరికీ మొదట ఎదురయ్యే గ్రంథం ఒకటి ఉంటుందని ఊహించలేదు. నా తప్పు తెలిసినా నా చదువే బాగున్నదని వాదించాను. ఆ వాదనలో సగం పంతం, సగం నిజం. ఏది ఏ సగమో అప్పుడూ తెలియలేదు.

అప్పటి నుండి బడి వదిలాక వారానికి ఒకటి రెండు సార్లు ఆమెతో పాటు సెంటరుకు వెళ్లడం అలవాటయింది. తన పుట పెట్టడం కాగానే ఆమె ఇతరులు గీసిన బొమ్మల కథలు వెతికేది. ఇంగ్లీషు మాటలకు నాకు అర్థం చెప్పేది. మంచుదేశపు స్త్రీ ఒకామె రోజూ తన వంటగది కిటికీని మాత్రమే గీసేది. ఒకనాడు కిటికీలో పిట్ట, ఒకనాడు ఏమీ లేదు. ఇది కథ ఎట్లా అవుతుందని నేను అడిగితే, రేపు కూడా చూడమనేది సలోమి. ఇంకొకతను పుల్లల వంటి మనుషులను గీసి వారిచేత పరిహాసాలాడించేవాడు. ఆమె నవ్వేది, నాకు నవ్వు వచ్చేది కాదు, ఆమె విడమరిచేలోపల అందులో నవ్వవలసినది ఆవిరయ్యేది. వీరెవరూ ఒకరికొకరు ముఖం తెలియనివారు. అయినా ఒకరి పుట కింద ఒకరు మాటలు రాసుకునేవారు. కవులు రాజసభలో ఎదురుపడి వాదించుకున్నట్టు కాదు, ప్రయాణంలో పక్కన కూర్చున్నవారు పలకరించుకున్నట్టు. సలోమి పుటల కింద కూడా ఎక్కడెక్కడి వారో రాసేవారు. వారిని ఎక్కువగా ఆకర్షించినది ఆమె లాంచీ ఉన్న ప్రతి పుటలోనూ గీసే ఒక చిన్న వస్తువు, రేవు మెట్టు మీద ఒక జత తోలుచెప్పులు.

దాని సంగతి చెప్పాలి. ఆ కాలంలో లాంచీ సరంగులకు ఒక కట్టుబాటు ఉండేది. లాంచీ బల్ల మీద చెప్పుల కాలు పెట్టేవారు కారు. హిందువులకు అది గంగమ్మ ఒడి, క్రైస్తవులకు ప్రార్థన చేసి నీటిలోకి దించిన పడవ. ఎవరి నమ్మకం వారిదైనా చెప్పులు మాత్రం అందరివీ రేవు పై మెట్టు మీద ఉండేవి. చెప్పులు ఉంటే సరంగు లాంచీలో ఉన్నాడని ఇంట్లోవాళ్లు దూరం నుంచే పోల్చుకునేవారు. సలోమి తండ్రి చెప్పులకు మడమ దగ్గర తెల్లదారంతో కుట్టు ఉండేదట. ఆమె ఆ కుట్టును కూడా మరవకుండా గీసేది.

సలోమి చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఒక వానాకాలం గోదావరి పొంగింది. తెల్లవారేసరికి లాంచీ మోకు తెంపుకుని పోయింది. దాని చెక్కలు చాలా దిగువన దొరికాయి, తండ్రి దొరకలేదు. వరదలో లాంచీని కాపాడబోయి ప్రాణం విడిచాడని ఊరు ఊరంతా అన్నది. చర్చిలో పెద్దలు అతని పేరు గౌరవంగా తలిచేవారు. మార్తమ్మకు వంటపని దొరికినది కూడా ఆ గౌరవం మీదనే. శవం దొరకలేదు కనుక సమాధి లేదు. బొమ్మల కథ ఇప్పుడు ఆ వానాకాలం దాకా వచ్చి ఆగింది. “చెప్పుండ్రి పంతులుగారూ, మా నాయినను నేను చంపాల్నా?” అని ఆమె నన్ను అడిగినది నవ్వుతూనే. ఆ నవ్వులో కళ్లు కలవలేదు. గీస్తే, చావు పుట పైకి వచ్చి కూర్చుంటుంది. ఎవరు ఎప్పుడు వచ్చినా ముందు చావునే చూసి, ఆ తర్వాతనే కిందికి దిగి మనిషిని చూడవలసి ఉంటుంది. పైగా మార్తమ్మ, కూతురు తన పెనిమిటి బొమ్మలు ఎక్కడో పెడుతున్నదని విని, ఒకసారి చూపించమని అడుగుతున్నది.

గీయకుండా ఆపివేయరాదా అన్నాను. మన భాషలో ఎన్నో కావ్యాలు అసంపూర్తిగా ఆగిపోయి, వెనుకటివారు పూరించినవే కదా. అప్పుడామె ఒక పేజీ తెరిచి చూపించింది. సముద్రపు ఒడ్డున దీపస్తంభం మెట్లు దిగే ముసలివాడి కథ అది. ఎవరు గీస్తున్నారో తెలియదు. ఎన్నో నెలల కిందటే ఆగిపోయింది. అన్నిటికంటే పైన ఉన్న పుటలో ముసలివాడి కాలు ఒక మెట్టు నుండి లేచి ఇంకొక మెట్టు మీద ఆనక ముందే కథ నిలిచిపోయింది. కింద ఎందరో ఏమయిందని, గీసేవారు క్షేమమేనా అని అడిగారు. జవాబు లేదు. సలోమి కూడా అడిగిందట.

“వారం వారం వచ్చి చూస్త. ఆ కాలు ఇంకా దిగలే. నేను గూడ ఆపితే, గిట్ల ఎదురుచూసెటోల్లు ఎక్కువైతరు తప్ప ఏముంటది? మా ఇంట్ల ఇద్దరం ఉన్నం, చాలు.”

పండితుణ్ణి గనుక ఊరకుండలేదు. మన నాటకకర్తలు రంగస్థలం మీద మరణాన్ని చూపరాదన్న నియమం పాటించారని, చూపవలసినది ధ్వనింపజేయాలని, సూచన ముందు ప్రదర్శన వెలవెలబోతుందని ఒక చిన్న ఉపన్యాసం ఇచ్చాను. సరంగును గీయవద్దు. పొంగే నది, కట్టు తెంపుకోబోయే లాంచీ, మెట్టు మీద అతని చెప్పులు. అంతే చాలునన్నాను. ఆమె ముఖం వికసించింది. శాస్త్రం ఒక మనిషికి పనికివచ్చిన క్షణం నా ఉద్యోగజీవితంలో అంత స్పష్టంగా మరొకటి లేదు. ఆమె ఆ పుట గీసింది. చెప్పులను నీటి అంచున, కుట్టుతో సహా గీసింది. ఆ పుటకు మాట నేను రాశాను. ఈసారి బుడగలో పట్టేట్టు పొట్టిగానే, “గోదారి తన సరంగును తానే పిలుచుకున్నది” అని. గురువారం నాడు పుట పైకి ఎక్కింది. కింద పరామర్శలు వచ్చాయి. మంచుదేశపు వంటగది స్త్రీ కూడా ఒక మాట రాసింది. సలోమి అవి చదివి కళ్లు తుడుచుకుంటే, వెంకట్రావు పంకా ఆమె వైపు తిప్పాడు.

ఆ ఆదివారం ప్రార్థన ముగిసిన తర్వాత మార్తమ్మను సెంటరుకు తీసుకువచ్చింది. నన్నూ రమ్మన్నది. మార్తమ్మ తెల్లచీర, బైబిలు సంచి, మోకాళ్ల నొప్పులతో మెల్లగా వచ్చి కుర్చీలో కూర్చున్నది. వెంకట్రావు మర్యాదగా, ముందు పాత పుటలు చూపించమంటారా అని అడిగాడు. సలోమి వద్దన్నది. పైన ఉన్నదే ముందు చూడనిమ్మన్నది. తల్లి తెరకు దగ్గరగా వంగి నదిని చూసింది, లాంచీని చూసింది. తర్వాత వేలు తెరకు ఆన్చకుండా గాలిలోనే ఆపి అడిగింది.

“ఈ చెప్పులు ఎవరు వెట్టిండ్రు బిడ్డా?”

“నేనే అమ్మా. నాయినయే. కుట్టు చూడు.”

“కుట్టు అదే. కని ఆ దినం మెట్టు మీద చెప్పులు లేకుండె.”

మార్తమ్మ ఏదో వంట సంగతి చెప్పినట్టు, గొంతు పెంచకుండా చెప్పుకుపోయింది. వాన తెరిపి ఇచ్చినప్పుడు, పొద్దుగూకక ముందే, అన్నం క్యారియర్ పట్టుకుని రేవుకు పోయింది. లాంచీ కట్టే ఉన్నది. నీళ్లు ఇంకా పై మెట్టు దాకా రాలేదు. మెట్టు ఖాళీగా ఉన్నది. పిలిచింది, పలుకు రాలేదు. అన్నం మళ్లీ ఇంటికి తెచ్చింది. తెల్లారి చూస్తే లాంచీ లేదు, మెట్లు లేవు, అంతా నీళ్లే.

“మరి నాయిన లాంచీల లేడా?” అన్నది సలోమి.

“నేను తిరిగొచ్చినంక వచ్చిండో, అసలుకే రాలేదో, నాకేం ఎరుక? నేను చూసింది చెప్తున్న.”

“ఇన్నేండ్లు ఒక్క మాట చెప్పకపోతివి గదనే.”

“ఎవరడిగిండ్రు బిడ్డా? అందరు నాకు చెప్పెటోల్లే.”

ఆ మాట నాకు తగిలినట్టు మరెవరికీ తగిలి ఉండదు. మార్తమ్మ మోకాళ్లు పట్టుకుని లేచి, ఎండ ఎక్కువైందని, ఇంటికి పోదామని అన్నది. వెళ్తూ వెళ్తూ వెంకట్రావుతో, నీళ్లు కూడా ఇంకొక మెట్టు దిగువన ఉండాలని, పిల్లకు చెప్పమని చెప్పింది.

తర్వాత కొన్నాళ్లు సలోమి బల్ల దగ్గర కూర్చోలేదు. పిల్లలకు ఏనుగునో కుండనో నల్లబల్ల మీద వేసి ఇచ్చి కిటికీలోంచి చూస్తూ నిలబడేది. తల్లి మీద కోపమా, తండ్రి మీదనా, ఊరి మీదనా, చెప్పుల సలహా ఇచ్చిన నా మీదనా అని నాలో నేను తర్కించుకున్నాను గాని అడగలేదు. చివరకు ఆమెయే ఒక మధ్యాహ్నం నా ఎదుటికి వచ్చి కూర్చున్నది.

“నాయిన చచ్చిపోతే ఏడ్వొచ్చు పంతులుగారూ. బతికుండి పోతే తిట్టొచ్చు. ఇప్పుడు నేనేం జెయ్యాలె?”

కరుణకు శోకం స్థాయీభావం, రౌద్రానికి క్రోధం. ఏ రసానికి ఏది మూలమో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. శోకమా క్రోధమా తేలని మనసుకు ఏ పేరు పెట్టారో వెతికాను. దొరకలేదు. తెలియదమ్మా అన్నాను. ఆ పాఠశాలలో నేను నోరు తెరిచి ఆ మాట అనడం బహుశా అదే మొదటిసారి. ఆమె ఆశ్చర్యపోలేదు. నా దగ్గర జవాబు ఉంటుందనుకుని అడిగినట్టు లేదు. తర్వాత ఆమె లేచి, ఆ పుట మూలచిత్రాన్ని బీరువాలోంచి తీసి, తెల్లరంగు సీసా మూత విప్పింది.

సన్న కుంచెతో చెప్పులను ఒక్కొక్కటిగా కప్పివేసింది. కుట్టును చివరన కప్పింది. నీటి గీతను ఒక మెట్టు కిందికి దించింది. తర్వాత కుంచె నా వాక్యం దగ్గరకు వచ్చి ఆగింది.

“మీ మాట గూడ తీసేస్తున్న. ఏమనుకోకుండ్రి.”

తీసివేయమన్నాను. నా మాట అక్షరం అక్షరంగా తెల్లబడిపోతుంటే చూస్తూ కూర్చున్నాను. నాకు బాధ కలిగిందని చెప్పలేను, కలగలేదనీ చెప్పలేను. మంచి వాక్యమే అది, ఇప్పటికీ ఆ అభిప్రాయం మారలేదు. కానీ అది నిజమని మాలో ఎవరికీ తెలియదు.

కొత్త పుట పాతదాని చోటికి ఎక్కింది. నది, లాంచీ, ఖాళీ మెట్టు. మనిషి లేడు, గుర్తు లేదు, మాట లేదు. వెంకట్రావు తల గోక్కుని, బొమ్మలో ఏదో తగ్గినట్టుందండీ అన్నాడు. కింద వ్యాఖ్యలు కూడా చిత్రంగా వచ్చాయి. బొమ్మ సగమే దిగినట్టుంది, మళ్లీ పెట్టండి అని ఒకరు. సరంగు క్షేమంగా ఉన్నాడన్నమాట, సంతోషం అని ఒకరు. ముందటి పుటే బాగుంది, ఎందుకు మార్చారని ఇంకొకరు. ఆమె ఎవరికీ బదులు రాయలేదు. అదే చివరి పుట అని మాత్రం ఒక పంక్తి పెట్టింది. ఊళ్లో ఆ బ్లాగు చూసేవారు ఎవరూ లేనందున చర్చిలో అతని పేరు మునుపటిలాగే గౌరవంగా తలిచేవారు. మార్తమ్మ మునుపటిలాగే ముందు వరుసలో కూర్చున్నది. ఇంట్లో తల్లీ కూతుళ్ల మధ్య ఏమి మారిందో నాకు తెలియదు. ఒకసారి మాత్రం బజారులో ఎదురైనప్పుడు మార్తమ్మ, ‘పిల్ల ఇప్పుడు రోజూ ఏదో ఒకటి అడుగుతది అయ్యగారూ, నా నోరు నొస్తది’ అని ఫిర్యాదు చేసింది. ఫిర్యాదు చేస్తున్న ముఖం మాత్రం అది కాదు.

ఆ తర్వాత సలోమి కల్లూరు వైపు బదిలీ అయి వెళ్లిపోయింది. నేను పదవీ విరమణ చేసి ఖమ్మం చేరాను. ఆ పుటలను దాచిన సంస్థ తన సేవ నిలిపివేసిందని, అన్నీ పోయాయని కొన్నేళ్ల తర్వాత సలోమి ఫోనులో చెప్పింది. మూలచిత్రాలు ఉన్నాయా అని అడిగాను. చెదలు తిన్నవి తినగా కొన్ని ఉన్నాయన్నది. అచ్చు వేయిద్దామన్నాను. పుస్తకమైతే మొదటి పుట మొదటికి వస్తుంది కదా పంతులుగారూ అని నవ్వి, మాట మార్చింది. ఆ నవ్వుకు అర్థం ఇప్పటికీ వెతుకుతున్నాను. నన్ను ఆనాడు ఆటపట్టించిందో, నా వాదనను ఇన్నేళ్లకు ఒప్పుకున్నదో చెప్పలేను.

నా దగ్గరకు ఈనాటికీ మనుషులు పద్యాల కోసం వస్తారు. పెళ్లికి పంచరత్నాలు, సన్మానానికి ప్రశంస, చనిపోయినవారికి స్మృతిపద్యాలు. ఒకప్పుడు పేరూ ఊరూ వృత్తీ చెబితే చాలు, గంటలో రాసి ఇచ్చేవాణ్ణి. ధర్మమూర్తి, దయాసింధువు, అజాతశత్రువు అనే మాటలు ఎవరికైనా సరిపోయేవి. ఇప్పుడు చేయి అంత త్వరగా సాగదు. సలోమి నుండి నేర్చినది ఇది అని ఒక మాటలో చెప్పగలిగితే బాగుండును. నేర్చుకున్నానో, ఉన్న నిశ్చయం పోగొట్టుకున్నానో కూడా నాకు తేటగా తెలియదు. వచ్చినవారిని అడుగుతాను, అంతే. అడిగితే వారికి కష్టంగా ఉంటుంది. నాకూ సులభంగా ఉండదు.

కిందటి నెల తిరుమలాయపాలెం నుండి ఒక రైతు వచ్చాడు. తండ్రి సంవత్సరీకానికి పద్యాలు కావాలన్నాడు, ఫ్లెక్సీ మీద వేయిస్తారట. ఆయన ఎటువంటివారని అడిగాను. మంచోడు, అందరికి సాయం జేసిండు, మీకు తెల్వందేముంది, రాయుండ్రి అన్నాడు. మీరు ఆయన్ని చూసినది చెప్పండి అన్నాను. అతను ఇబ్బందిగా కదిలాడు. పద్యాలు చాలు పంతులుగారూ, గివన్ని ఎందుకన్నాడు. బలవంతపెట్టలేదు. రేపు రమ్మన్నాను. లేచి గేటు దాకా వెళ్లి, గడియ మీద చేయి వేసి, తీయకుండా అట్లాగే నిలబడ్డాడు. వెనక్కి తిరగకుండానే, “మా నాయిన నాతోటి ఎన్నడు కూసొని తినలే” అన్నాడు.

లోపలికి వచ్చి కూర్చోమన్నాను.